ఒంటరి తోడు

ఆ రోజు యూనివర్సిటీ పెద్ద హాల్లో ప్రొఫెసర్ మేడిశెట్టి సత్తిరాజు చెప్పిన మాటల్లో తొంభై పాళ్ళు నిజం. మిగతా పది పాళ్ళూ అబద్ధమేం కాదు. చెప్పలేదు, అంతే.

మనిషి బక్కపలచన. మైకు ముందు నిలబడితే ఏది మైకో, ఏది మేష్టారో వెనక బెంచీలవాళ్ళకి ఓ పట్టాన తేలేది కాదు. కానీ నోరు విప్పాడంటే గోడల మీది బల్లులు కూడా పురుగుల్ని వదిలేసి ఆయన వంకే చూసేవని చెప్పుకునేవారు. కొత్త జీవుల్ని తయారుచేసే విద్య గురించి యూనివర్సిటీలో ఆ ఏడాది ఉపన్యాసాలు జరుగుతున్నాయి. ఆ రోజు సత్తిరాజు వంతు. ముందు వరసలో వైస్ చాన్సలర్, పక్కన రాజమండ్రి నుంచి వచ్చిన పేపరువాళ్ళు. తెర మీద పూసలదండ లాంటి బొమ్మ ఒకటి.

“మనందరి ఇళ్ళల్లోనూ పాలు పెరుగయ్యేది ఈ పూసలదండ వల్లే. ఇది బతికున్న సూక్ష్మజీవి. దీనికి మేం ఒక కొత్త ఆకలి నేర్పేం,” అన్నాడు సత్తిరాజు.

ఎందుకు నేర్పారో కూడా చెప్పాడు. కొందరు పిల్లలు పుట్టుకతోనే ఒక లోపంతో పుడతారు. పప్పులోనూ పాలలోనూ ఉండే మాంసకృత్తుల్లో ఒకే ఒక్క ముక్క వాళ్ళ ఒంటికి అరగదు. అరగనిది ఊరుకోదు; పంటకాలవలో వండ్రు మేట వేసినట్టు మెదడులో మేట వేస్తుంది. మాట రాదు, బుద్ధి పెరగదు, చివరికి జుట్టు కూడా నల్లబడదు. ఈ కొత్త జీవి పెరుగుతోపాటు కడుపులోకి వెళ్ళి కూర్చుని, ఆ ముక్క ఒంటికి పట్టకముందే తినేస్తుంది.

“మరి ఇది ఊరి మీద పడితే ఎలాగండీ?” అన్నాడు ఒక పేపరాయన.

“పడదండీ. ఇది కొత్తల్లుడి లాంటిది. పిలిచి వడ్డిస్తేగాని ముద్ద ముట్టదు. నీలం మందు చుక్క ఒకటి చేసేం. పాలలో ఆ చుక్క పడితేనే ఇది బతుకుతుంది, పడకపోతే అలిగి చస్తుంది. ఆ చుక్క ప్రపంచం మొత్తమ్మీద నా బీరువాలో తప్ప ఎక్కడా దొరకదు. కాబట్టి ఇది గడప దాటదు.”

హాలంతా నవ్వింది. ఆ నవ్వులో ఒక చెయ్యి లేచింది. సత్తిరాజు దగ్గర పరిశోధన చేస్తున్న జుబేదా. నిదానస్తురాలు. నోట్లో మాట కూడా ముందు వడగట్టి గాని బయటికి వదలదు.

“సార్, దీన్ని ఇప్పటిదాకా మనం ఒంటరిగానే పెంచేం. మామూలు పెరుగు జీవులతో కలిపి పెంచితే ఏమవుద్ది?”

“అమ్మా జుబేదా, అల్లుడికింకా పెళ్ళే కాలేదు. వేరు కాపురమా, ఉమ్మడి కాపురమా అని అప్పుడే అడిగితే ఏం చెప్పను?”

హాలు మళ్ళీ నవ్వింది. జుబేదా కూర్చుంది. వైస్ చాన్సలర్ శాలువా కప్పాడు. పేపరువాళ్ళు ఫొటో తీసుకున్నారు.

సత్తిరాజు చెప్పకుండా దాచిన పది పాళ్ళూ ఏమిటంటే, ఆ కొత్తల్లుడు దసరాకి ముందే గడప దాటేశాడు. సత్తిరాజు స్కూటరు డిక్కీలో, టీ ఫ్లాస్కులో కూర్చుని, స్టాఫ్ క్వార్టర్సులో మూడో వీధికి చేరుకున్నాడు.

* * *

సత్తిరాజు కూతురి పేరు శారిక. శారిక అంటే గోరువంక. పుట్టిన రోజున దాని ఏడుపు విని, ఇది ఊరందరి నోళ్ళూ మూయిస్తుందని మురిసిపోయి తాత పెట్టిన పేరు. ఆ పిల్లకి ఏడో ఏడు వచ్చేదాకా ఉన్న మాటల్ని ఒక చేతి వేళ్ళ మీద లెక్కెట్టి, బొటనవేలు మిగుల్చుకోవచ్చు. అమ్మ, తే, వద్దు, అదుగో.

జబ్బు ఏమిటో ఆలస్యంగా తెలిసింది. జుట్టు మొక్కజొన్న పీచులా వస్తుంటే, తెల్లగా దొరసానిలా ఉందని చుట్టాలంతా ముద్దు చేశారు. తెలిశాక పప్పు లేదు, పాలు లేవు, గుడ్డు లేదు. అన్నం బంగారం తూచినట్టు తూచి పెట్టాలి. కడుపు నింపడానికి విదేశాల నుంచి వచ్చే పొడి ఒకటుంది. డబ్బా మూత తీస్తే పెరట్లో పిల్లి కూడా లేచి పక్కింటికి పోయేది. ఆ పొడి తాగించాలంటే ఒకరు చేతులు పట్టుకోవాలి, ఒకరు ముక్కు మూయాలి. పిల్ల ఎంత కక్కేదో అంత మేట లోపల పెరిగేది.

ఒకసారి వంటింట్లో శారిక పప్పు గరిట నాకుతూ కనబడింది. తల్లి హైమ గరిట లాగేసుకుంది. లాగినప్పుడు పిల్ల ఏడవలేదు. ఎందుకు లాగిందో తెలుసుకుందామని తల్లి మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. ఆ రోజు నుంచీ ఆ ఇంట్లో పప్పు వండలేదు.

అందుకే సత్తిరాజు ఫ్లాస్కు తెచ్చి బల్ల మీద పెట్టిన రోజున హైమ ఒకే ప్రశ్న అడిగింది.

“పర్మిషనొచ్చిందా?”

“వస్తుంది.”

“వస్తుందా అని కాదు, వచ్చిందా?”

“మనుషుల మీద వాడడానికి ఢిల్లీ నుంచి రావాలి హైమా. వచ్చేసరికి దీని బుర్రలో మేట గట్టిపడిపోద్ది. నా పిల్లకి నేను పెట్టుకోడానికి ఎవడి పర్మిషను కావాలే?”

హైమ పిల్ల వంక చూసింది. శారిక గుమ్మంలో కూర్చుని తన చెప్పుని తనే నాకుతోంది. హైమ ఫ్లాస్కు మూత తిప్పింది.

సత్తిరాజు తల్లి మాణిక్యానికి కూడా చెప్పారు. ఇది మందు పెరుగు, పిల్లకి మాత్రమే, నీలం చుక్క వేసి విడిగా తోడెయ్యాలి, వేరే గిన్నె, వేరే చెంచా. మాణిక్యం తలూపింది.

మొదటి నాలుగు రోజులూ శారిక ఆ పెరుగు నోట్లో పెట్టుకోవడం, ఉమ్మేయడం. తరవాత ఏమైందో గాని తినసాగింది. తిన్నాక ఇంకా కావాలని గిన్నె చాపేది. నెల తిరిగేసరికి సత్తిరాజు ల్యాబుకి బయల్దేరుతుంటే వీధిగుమ్మంలో నిలబడి, “నాన్నా, స్కూటరు ఒంగిపోయి నిలబడిందేం?” అంది.

స్టాండు వేసిన స్కూటరు అన్నాక ఒంగే ఉంటుంది. పుట్టి బుద్ధెరిగాక ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. సత్తిరాజు ఆ రోజు ల్యాబుకి వెళ్ళలేదు. స్కూటరు మీద చెయ్యి ఆనించి చాలాసేపు అలాగే నిలబడ్డాడు. లోపల హైమ చాలా కాలానికి కందిపప్పు పొయ్యి మీద పెట్టింది.

అక్కణ్ణించి ఆ పిల్ల నోటికి తూము ఎత్తేసినట్టయింది. పాపిట దగ్గర నల్లటి గీత మొదలైంది. ఎదురింటి నూకరత్నం కొడుకు కిట్టుకి ఇంకా ఏడాది నిండలేదు. శారిక వాణ్ణి చంకనేసుకుని వీధంతా తిప్పేది. వాడి రెండు బొటనవేళ్ళూ పట్టుకుని, వెనక్కి నడుస్తూ, “దా, దా, పడిపోవులే, నేనున్నాగా,” అని అడుగులు వేయించేది. ఆ మాటలు ఎవరి దగ్గర నేర్చుకుందో తెలీదు.

* * *

శాలువా చేతిలో పట్టుకుని సత్తిరాజు హాలు నుంచి ఇంటికొచ్చేసరికి మూడో వీధి ఆడవాళ్ళు నూకరత్నం అరుగు చుట్టూ చేరి ఉన్నారు. మధ్యలో కిట్టు.

“ఏవండోయ్ మేష్టారూ, చూసేరా మావాణ్ణి? దొరబాబైపోయేడండి!” అంది నూకరత్నం. ఆవిడ మొగుడు యూనివర్సిటీ బస్సు తోలతాడు. ఆవిడ గొంతు ఆ బస్సు హారన్‌కి పోటీ. “మా అత్తగారి తరపున తెల్లదొరలెవరైనా ఉన్నారా అని మా ఆయన్ని నిలదీసేనండి. ఆయ్.”

ఆడవాళ్ళు పకపకలాడారు. సత్తిరాజు నవ్వబోయి ఆగాడు. కిట్టు జుట్టు మొక్కజొన్న పీచు రంగులో ఉంది. పిల్లాడు తల్లి ఒళ్ళో చేరబడి ఉన్నాడు. శారిక వచ్చి వేళ్ళు అందించింది. వాడు పట్టుకోలేదు.

“నూకరత్నంగారూ, వీడికేం పెడుతున్నారండీ?”

“ఏం పెడతామండీ, పెరుగన్నవే. వేరేది నోట పెట్టనివ్వట్లేదు. మీ అమ్మగారిచ్చిన తోడే గదండీ! అబ్బ, ఏం పెరుగండీ బాబూ, గిన్నె బోర్లించినా జారదు. పైన పిల్లి నడిచిపోయినా అడుగు పడదు. ఈ వీధిలో అందరిళ్ళల్లోనూ అదే. మా చెల్లెలు రామచంద్రపురం కూడా పట్టుకెళ్ళింది.”

సత్తిరాజు చేతిలో శాలువా ఎప్పుడు జారిందో ఆయనకి తెలియదు.

* * *

మాణిక్యం వంటింట్లో చింతపండు పిసుకుతోంది.

“అమ్మా, పిల్ల గిన్నెలోది నూకరత్నానికిచ్చేవా?”

“ఇచ్చేను. ఏం?”

“విడిగా ఉంచమన్నాను గదే!”

“విడిగానే ఉంచేను. వేరే గిన్నె, వేరే చెంచా. ఆవిడొచ్చిన్నాడు మన గిన్నె ఖాళీ. గుమ్మంలోకొచ్చి గిన్నె చాపి, కాస్త తోడు పెట్టండి పిన్నిగారూ అంటే లేదంటామేంట్రా? చుక్క తీసి ఇచ్చేను. దానికేవిటి?”

“నీలం చుక్క లేకపోతే అది చచ్చిపోవాలమ్మా. వాళ్ళింట్లో ఎలా బతికింది?”

మాణిక్యం చేతులు చింతపండులో ఆగాయి. కొడుకు వైపు తిరక్కుండానే చెప్పింది.

“నువ్వు తెచ్చిన పెరుగు చీమిడిలా సాగేదిరా. కమ్మదనం లేదు, పులుపు లేదు. పిల్ల నోట్లో పెడితే ఉమ్మేసేది. అంత కష్టపడి తెచ్చేవు, అది తినకపోతే ఎలాగని నాకు బెంగ. అందుకని మన గిన్నెలోది ఓ చుక్క అందులో వేసేను. పాపం, ఒక్కతీ ఉంది గదా అని దానికీ కాస్త తోడు పెట్టేను. అప్పణ్ణించే పిల్ల తింది. తిని మాట్లాడింది. నువ్వు అంత సంబరపడుతుంటే, నీ మందుది కాదురా, నా తోడుదని చెప్పాలా?”

సత్తిరాజు పీట లాక్కుని కూర్చున్నాడు.

ఆ జీవి తప్పించుకుపోగల దారులన్నీ ఆయన మూశాడు. ల్యాబు తలుపులు, తూములు, చేతి తొడుగులు, బూట్ల అడుగులు, కిటికీ మీద వాలే ఈగ. ఇంట్లో గిన్నె వేరు, చెంచా వేరు, కడిగిన నీళ్ళు మరిగించి పారబోయాలి. అన్నీ చెప్పాడు. తోడు ఇవ్వొద్దని మాత్రం చెప్పలేదు. చెప్పాలని తోచలేదు. తోడు ఇవ్వడం ఒక వస్తువు చేతులు మారడమని ఈ నేల మీద ఎవరనుకుంటారు? టైమెంతయిందని అడిగితే చెప్పినట్టు, అడిగితే పెడతారు. సత్తిరాజు కూడా ఆ గిన్నెల మధ్యే పెరిగాడు.

“తప్పు చేసేనా రా సత్తీ?” అంది మాణిక్యం. ఇప్పుడు తిరిగింది. చేతుల నుంచి పులుసు కారుతోంది.

* * *

ల్యాబులో జుబేదా నీలం చుక్క వెయ్యని పాలలో నూకరత్నం ఇంటి పెరుగు ఒక బొట్టు వేసింది. మర్నాటికి పాలు రాయిలా తోడుకున్నాయి. సూక్ష్మదర్శిని కింద కొత్త పూసలదండలు మామూలు పూసలదండల మీద చేతులేసుకుని పడుకున్నట్టున్నాయి.

“పక్కనున్న మామూలు జీవి నీలం చుక్కలో ఉండే సరుకు చేసి బయటికి వదులుతోంది సార్. ఇది తీసుకుంటోంది,” అంది జుబేదా.

“ఒంటరిగా ఉంటే చస్తుంది.”

“అవును సార్. మనం ఒంటరిగానే చూసేం.”

హాల్లో తన ప్రశ్నకి ఏం జవాబొచ్చిందో ఆ పిల్ల గుర్తుచేయలేదు. చేసుంటే సత్తిరాజుకి కాస్త తేలిగ్గా ఉండేది.

తన బిడ్డ కడుపులో ఆ జీవి తినేసే ముక్క తక్కిన పిల్లలందరికీ అన్నంలాంటిది. అది అందకపోతే ఎముక పెరగదు, మెదడు పెరగదు, జుట్టుకి నలుపు రాదు. పెరుగన్నం తప్ప ఎరగని పసివాడైతే మరీను. శారిక బుర్రలో మేట తీసేస్తున్న పారే కిట్టు బుర్రలో గట్టు తవ్వుతోంది.

సత్తిరాజుకి ఒక ఆలోచన రాకపోలేదు. నూకరత్నానికి ఏదో వంక చెప్పి ఆ ఒక్క ఇంట్లో పెరుగు మాన్పించొచ్చు. పిల్లాడు తేరుకుంటాడు. మిగతా ఇళ్ళల్లో ఉన్నది పెద్దవాళ్ళు, పప్పూ గుడ్డూ తినేవాళ్ళు, వాళ్ళకేం కాదు. ఎవరికీ తెలియదు. శారిక గిన్నె శారికకి ఉంటుంది.

“జుబేదా, ఈ సంగతి ఒక వారం మనిద్దరి మధ్యే ఉంచితే…”

జుబేదా గాజు పలక తుడుస్తూ తుడుస్తూ ఆగింది. “సార్, మా అక్క కూడా ఆ తోడే తెచ్చుకుందండి. పెరుగు బాగా పేరుకుంటోందని తెగ తింటోంది. అక్కకిప్పుడు ఏడో నెల.”

సత్తిరాజు లేచి, అద్దంలో చూసుకోకుండానే తల దువ్వుకుని, వైస్ చాన్సలర్ ఆఫీసుకి నడిచాడు.

* * *

మర్నాడే ఆయన్ని ఉద్యోగం నుంచి పక్కన పెట్టారు. శాలువాతో ఉన్న ఫొటోనే పేపర్లో మళ్ళీ వేశారు, కింద రాత మాత్రం మార్చి. అయినా పని ఆయనకే అప్పగించారు. ఆ జీవిని పట్టి చంపే విద్య మరొకరికి రాదు. దాన్నొక్కదాన్నే తిని, మిగతా పెరుగు జీవుల జోలికి పోని వైరస్ ఒకటి ల్యాబులో ముందే ఉంది. దాన్ని తెల్లపొడిగా చేశారు. పంచదార నీళ్ళలో కలిపి తాగితే కడుపులోది పోతుంది. గిన్నెలో చల్లితే గిన్నెలోది పోతుంది.

ఇంటింటికీ వెళ్ళే పని మాణిక్యం తన నెత్తిన వేసుకుంది. హెల్తు డిపార్టుమెంటువాళ్ళు మైకు పెట్టి జీపు తిప్పుతామన్నారు.

“మైకులో చెబితే ఎవరిస్తారయ్యా? చేత్తో ఇచ్చింది చేత్తోనే అడగాలి,” అంది.

ఇచ్చిన తోడు వెనక్కి అడగడం ఆ వీధులు ఎన్నడూ వినలేదు. మాణిక్యం గుమ్మంలో నిలబడి, “అమ్మా, నేనిచ్చిన తోడు చెడ్డది. దాన్ని పారబొయ్యండి. మీరెవరెవరికి పెట్టేరో చెప్పండి,” అంటే కొందరు నవ్వారు. కొందరు మంచం వాల్చి కూర్చోమన్నారు. ఒకావిడ తలుపేసుకుంది. ఒకింటి నుంచి నాలుగిళ్ళు, ఆ నాలుగిళ్ళ నుంచి పెళ్ళివంటల సుబ్బన్న, సుబ్బన్న గంగాళం నుంచి కాకినాడ రోడ్డు పొడుగునా హోటళ్ళు. సత్తిరాజు తెల్లపొడి సంచీ మోసుకుంటూ తల్లి వెనకాల నడిచాడు. ఆవిడ అడగడం, ఆయన చల్లడం.

కిట్టుకి ఆ పెరుగు మాన్పించమని నూకరత్నానికి మొదటి రోజే కబురు పంపినా, ఆ ఇంటికి మాత్రం చివర్న వెళ్ళారు. ఆవిడ అరవలేదు. అరుస్తుందనే వాళ్ళిద్దరూ సిద్ధపడి వెళ్ళారు. కిట్టుని తెచ్చి సత్తిరాజు కాళ్ళ దగ్గర నేల మీద కూర్చోబెట్టింది. వాడు కూర్చోలేక పక్కకి ఒరిగిపోయాడు.

“పెద్దాసుపత్రిలో చూపించేం. కోలుకుంటాడు, జుట్టు నల్లబడుతుంది, నడక మాత్రం ఎప్పుడొస్తుందో చెప్పలేం అన్నారండి,” అంది చిన్న గొంతుతో. “మీకు ముందే తెలుసాండి?”

“మీ ఇంటిదాకా వచ్చిందని తెలీదండి. ల్యాబులోంచి తెచ్చింది మాత్రం నేనే.”

“మీ పాప కోసం.”

“అవునండి.”

ఆవిడ కొడుకుని ఎత్తుకుని, “నేనైనా తెచ్చేదాన్నేమోనండి. అదే నాకు కోపం. మిమ్మల్ని తిడదామంటే నోరు రావట్లేదు,” అని లోపలికి వెళ్ళిపోయింది.

* * *

ఇక మిగిలింది శారిక.

విచారణ చేసిన కమిటీలో ఒక పెద్ద డాక్టరున్నారు. మాట కరుకు, మనసు కాదు. ఆయనే అన్నారు: “ఈ పిల్లకి ఇప్పుడు ఆపేస్తే వచ్చిన మాటలు పోవచ్చు. పోయినవి మళ్ళీ రాకపోవచ్చు. అలాగని వీధిలో వదల్లేం. గిన్నె ఒక్కటే సమస్య కాదు, బిడ్డ కడుపే గిన్నె. ఆ కడుపులో దానికి తోడు దొరికేసింది.”

యూనివర్సిటీ చివర మామిడితోటలో పాత గెస్టుహౌసు ఒకటుంది. దానికి జాలీ తలుపులు వేయించి, మురుగు విడిగా మళ్ళించి, శారికని అందులో ఉంచొచ్చన్నారు. తోడుగా ఒక్క మనిషి ఉండాలి. ఆ మనిషీ బయటికి రాకూడదు. బయటివాళ్ళు జాలీకి ఇవతలే. మందు పెరుగు మానక్కర్లేదు. ఎన్నాళ్ళు? సరైన మందు తయారయ్యేదాకా. అదెప్పటికి? డాక్టరుగారు కళ్ళజోడు తుడుచుకున్నారు.

“నేనెళ్తాను,” అంది హైమ.

“నువ్వు కాదు. నాకూ ఆ పెరుగు అలవాటే, నా కడుపులోనూ అదే ఉంది. పైగా ఇది నా చేత్తో అయిన పని,” అని మాణిక్యం అప్పుడే చీరలు సర్దుకుంది.

మొదట్లో బాగానే ఉంది. రక్తపరీక్షలు చూసి పెద్ద డాక్టరుగారు ఇంత మంచి అంకెలు తన సర్వీసులో చూడలేదన్నారు. శారిక అక్షరాలు దిద్దింది, కూడికలు చేసింది. నానమ్మ చెప్పిన కథల్ని నానమ్మకే తిప్పి చెప్పి, రాక్షసుడు నీళ్ళెక్కడ తాగేవాడని నిలదీసింది. జాలీ ఇవతల హైమ, సత్తిరాజు పూటకొకసారి కుర్చీలేసుకుని కూర్చునేవారు. పిల్ల మాట్లాడుతుంటే వినడమే వాళ్ళ పని.

వానలు మొదలయ్యాక సత్తిరాజు ఒక మార్పు గమనించాడు. శారిక మాటలు తగ్గాయి. గాభరాపడి రక్తం పరీక్ష చేయించాడు. రక్తం శుభ్రంగా ఉంది. పరీక్షల్లో పట్టుబడే జబ్బేదీ లేదు.

ఆ సాయంత్రం వాన వెలిశాక వెళ్ళేసరికి మాణిక్యం మంచం మీద ముడుచుకుని ఉంది. శారిక గది మధ్యలో కళ్ళు మూసుకుని నిలబడి అంకెలు చదివింది. తప్పు లేకుండా చదివింది. కళ్ళు తెరిచి తలుపు వెనక చూసింది. మంచం కింద చూసింది. బీరువా పక్కన చూసింది. అక్కడ ఎవరూ లేరని దానికి తెలుసు. అయినా అన్నీ చూసొచ్చి, మళ్ళీ మధ్యలో నిలబడి కళ్ళు మూసుకుంది.

“నానమ్మ దాక్కోవట్లేదేమ్మా?” అన్నాడు సత్తిరాజు.

“నానమ్మకి మోకాళ్ళు. ఎప్పుడూ మంచం మీదే దాక్కుంటది,” అంది శారిక కళ్ళు తెరవకుండా.

మాణిక్యం గోడవైపు తిరిగి పడుకుంది. “పిల్లకి మాటలొచ్చేయిరా సత్తీ. మాటాడ్డానికి మనిషి లేడు,” అంది. “నా ఒక్కదానితో ఎంతని మాటాడుద్ది? నాకే విసుగొస్తుంది నాతో.”

సత్తిరాజు ఇంటికెళ్ళి, పిల్లకి తెల్లపొడి ఇచ్చి బయటికి తెచ్చేద్దామా అని హైమతో మాట్లాడాడు. హైమ చాలా ఏడ్చింది, అరిచింది, పప్పు గిన్నె విసిరేసింది. చివరికి, “దాన్నే అడుగు. ఇప్పుడైతే అది చెప్పగలదు. తరవాత అడిగితే చెప్పలేకపోవచ్చు,” అంది.

మర్నాడు ఇద్దరూ జాలీ ముందు కూర్చున్నారు. పిల్లలకి చెప్పేలా చెప్పడం సత్తిరాజుకి ఎప్పుడూ చేతకాదు. ఆ రోజు తిన్నగా చెప్పాడు.

“శారీ, ఇక్కడుంటే ఈ పెరుగు తినొచ్చు, పప్పు తినొచ్చు. మాటలు బాగా వస్తాయి. బయటికొచ్చేస్తే ఆ కంపు పొడే తాగాలి, తూచిన అన్నమే తినాలి. అమ్మా నేనూ వదలకుండా తాగిస్తాం. అయినా మాటలు కొన్ని పోవచ్చు.”

“ఏ మాటలు?”

“అది నాకూ తెలీదమ్మా.”

శారిక జాలీ కన్నాల్లో వేళ్ళు దూర్చి ఆలోచించింది.

“మాటలు పోతే నన్ను ఆటల్లోకి రానివ్వరా?”

హైమ చీర కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ పిల్లే చెప్పింది, పెద్దవాళ్ళకి తెలియని చిన్న సంగతేదో విడమరిచి చెప్పినట్టు.

“కిట్టుగాడికి మాటలు రావు గదా నాన్నా. నేను ఆడేను గదా.”

తోటలో ఆకుల మీద మిగిలిన వాన చుక్కలు రాలుతున్నాయి. సత్తిరాజు లేచి, సంచీలోంచి తెల్లపొడి పొట్లాలు రెండు తీశాడు. మాణిక్యం లోపలి నుంచి పిల్లకీ తనకీ పంచదార నీళ్ళు రెండు గ్లాసుల్లో తెచ్చి జాలీ కింద అరలో పెట్టింది. సత్తిరాజు రెండింటిలోనూ పొడి వేసి, అడుగున పలుకు మిగలకుండా కలిపాడు.

శారిక రెండు చేతులతో గ్లాసు పట్టుకుని గడగడా తాగేసింది. మూతి తుడుచుకుంది.

“తియ్యగానే ఉంది,” అంది. “ఇప్పుడెళ్ళిపోవచ్చా?”

“ఇవాళ కాదమ్మా. పరీక్ష చెయ్యాలి. ఎల్లుండి.”

“ఎల్లుండంటే రేపు తరవాతదా?”

“రేపు తరవాతదే.”

శారిక తలూపింది. కుర్చీ జాలీ దగ్గరికి లాక్కుని కూర్చుని, ఎల్లుండి వెళ్ళాక ఏమేం చెయ్యాలో చెప్పడం మొదలుపెట్టింది. కిట్టుగాడికి వేళ్ళెలా పట్టుకోవాలో మళ్ళీ మొదట్నించీ నేర్పాలి, వాళ్ళమ్మ కోప్పడితే గుమ్మం బయటే కూర్చోవాలి, ముందు వెనక్కి నడవాలి, వాడు పడిపోతాననుకుంటాడు గనక నవ్వుతూ నడవాలి. చెబుతూనే ఉంది. తోటలో చీకటి పడింది. వాచ్‌మన్ వచ్చి టైమైందన్నాడు. సత్తిరాజు గాని, హైమ గాని కుర్చీల్లోంచి లేవలేదు.